పదకొండేళ్లుగా ఎనిమిదో తరగతి

సూర్యాపేట బైపాస్ పక్కన ఒక బి.ఇడి. కాలేజీ ఉంది. పేరు చెప్పను. చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు, అలాంటివి ప్రతి పట్టణం బయటా ఒకటో రెండో ఉంటాయి. ఆ కాలేజీలో ఒక ఆచారం ఉంది. టీచర్లు కాబోయే వాళ్లంతా చివరి ఏడాదిలో రికార్డులు రాయాలి. చెప్పిన పాఠాలకు ఒకటి, పెట్టిన పరీక్షలకు ఒకటి, బళ్లో ఒక పిల్లనో పిల్లాణ్నో దగ్గరుండి గమనించి రాసేది ఒకటి. ఈ చివరిదాన్ని కేస్ స్టడీ అంటారు. ఎవరిది వాళ్లే రాయాలని రూలు. అయితే ఏం రాయాలా అని ఎవరూ తల బద్దలు కొట్టుకోకుండా ఆఫీసు బీరువాలో ఒక మోడల్ రికార్డు పెట్టారు. ఎర్ర అట్ట, మూలలకు టేపు. మొదట్లో దాన్ని రోల్ నంబర్ల వారీగా ఇంటికి తీసుకుపోయేవారు. తర్వాత జిరాక్సులొచ్చాయి. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ వస్తుంది. టైపు చేసి ఇస్తే మాత్రం తీసుకోరు, సొంత చేతిరాత ఉండాల్సిందే. బుర్ర ఎవరిదని ఎవరూ అడగరు.

గుండెపంగు గ్రేస్ ఆ కాలేజీలో రెండో ఏడాది చదువుతోంది. ఊరు మోతె. నాన్న సోమయ్య సూర్యాపేట మార్కెట్ యార్డులో హమాలీ, బస్తాలు మోసి మోసి మెడ ఒక పక్కకు వాలిన మనిషి. అమ్మ దుర్గమ్మ నాట్లేసే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. ఆమె గట్టు మీద నిలబడి ఒక కేక వేస్తే నాలుగు దిక్కుల రైతులూ తలెత్తి చూస్తారు. కూతురు మాత్రం నోట్లో నాలుక లేని పిల్ల అని కాలేజీలో అందరూ అనుకునేవారు. ఆ పిల్ల కూడా అలాగే అనుకునేది.

గ్రేస్ ఇంగ్లిష్ టీచర్ కావాలనుకోవడానికి కారణం ఒక్క మనిషి. ఎనిమిదో తరగతిలో ఉండగా ఊరి బడికి నలభై రోజులు పాఠాలు చెప్పడానికి ట్రైనింగ్ టీచర్లు వచ్చారు. వాళ్లలో ఉషారాణి అని కోదాడ ఆవిడ, నీలం చీర, చేతికి వాచీ, ఇంగ్లిష్ పాఠం చదువుతుంటే క్లాసంతా గప్‌చుప్. పోయే రోజు గ్రేస్‌ను దగ్గరికి పిలిచి రెండు రంగుల పెన్ను చేతిలో పెట్టి, "నువ్వు టీచర్‌వి అవుతావమ్మా" అంది. పెన్నులో రంగు ఆ ఏడే అయిపోయింది. ఖాళీ పెన్ను ఇంకా గ్రేస్ బ్యాగులోనే ఉంది.

కాలేజీలో చేరిన మొదటి రోజు ఇంగ్లిష్ మెథడ్ చెప్పడానికి క్లాసులోకి వచ్చిన మనిషిని చూసి గ్రేస్‌కు నీలం చీర, వాచీ గుర్తొచ్చాయి. అదే ఉషారాణి మేడం. కాస్త ఒళ్లు చేసింది, కళ్లద్దాలు వచ్చాయి, అంతే. నేనే మేడం ఆ పిల్లను అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెప్పలేదు. మేడమే గుర్తుపట్టి పిలిస్తే ఎంత బాగుంటుందో అని ఎదురుచూసింది. అలా ఎదురుచూస్తూనే రెండేళ్లు గడిచాయి. ఎన్ని వందల మందిని చూసే మనిషి, ఎలా గుర్తుంటుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఉన్నమాట చెప్పాలి, పాఠం చెప్పడంలో ఉషారాణికి వంక పెట్టలేం. మిగతా లెక్చరర్లు గైడు తెచ్చి చదివితే ఆమె ఉత్త చేతులతో వచ్చేది. భాషాశాస్త్రం పేపరు మొదలుపెట్టిన రోజు బోర్డు మీద ఒక్క అక్షరం రాయలేదు. మీ అమ్మలు ఇంట్లో ఎట్లా మాట్లాడతారో ఒక్కొక్క మాట చెప్పండి అంది. అందరూ సిగ్గుపడి రేడియోలో వార్తలు చదివినట్టు చెప్పారు. అట్లా కాదు, మీ అమ్మ అన్నట్టే అనాలి అని ఆమె పట్టుబట్టింది. త్రిపురారం నుంచి వచ్చే వినయ్ చివరికి, "కాల్వ నీళ్లు ఇంక రాలే, పొలం ఎండుతుంటది" అన్నాడు. క్లాసంతా నవ్వింది.

ఉషారాణి నవ్వలేదు. "మీ ఊళ్లో ఐదేళ్ల పిల్ల 'నేను వస్తది' అని ఎప్పుడైనా అంటుందా?" అని అడిగింది. అనదన్నారు. ఎందుకనదు, ఎవరు నేర్పారు అని మళ్లీ అడిగింది. ఎవరూ నేర్పలేదు, విని విని తనే పట్టేసింది, బడికి వచ్చేనాటికే పిల్ల ఒక భాషనంతా లోపల కట్టుకొని వస్తుంది అని ఆమె చెప్పింది. శుద్ధమైన భాష, అశుద్ధమైన భాష అనేవి పెద్ద కులాలకూ పెద్ద ఊళ్లకూ ఉన్న గొప్పలే తప్ప శాస్త్రంలో లేవంది. "రేపు మీరు ఇంగ్లిష్ చెప్పేటప్పుడు దాన్ని పిల్ల భాష పక్కన పెట్టండి, మీద పెట్టకండి" అంది.

ఆ మాట గ్రేస్‌కు ఎక్కడో తగిలింది. చిన్నప్పటి నుంచీ తన మాట విని నవ్విన వాళ్లందరూ ఒక్కసారి కళ్లముందు తిరిగారు. ఆ సాయంత్రమే ఒక నోట్‌బుక్కు కొని అమ్మ మాటలు రాయడం మొదలుపెట్టింది. రాస్తూ పోతే గానీ తెలియలేదు, అమ్మకు ఎన్ని నోళ్లున్నాయో. గుంపుతో ఒక తీరు, పొలం ఆసామితో ఒక తీరు. ఆదివారం ప్రార్థనలో మోకరిస్తే, "కృపగల తండ్రీ, మమ్మును జ్ఞాపకము చేసికొనుము" అని అచ్చం పుస్తకం తెరిచినట్టే. తండా నుంచి వచ్చే పుష్పాబాయితో లంబాడీ. నాలుగేళ్లుగా నాట్లకు బీహారు వాళ్లు దిగుతున్నారు, వాళ్లతో హిందీ. బడి గడప తొక్కని మనిషి మూడు పంట కార్లలో హిందీ నేర్చుకుంది, అదీ మోకాలి లోతు బురదలో నిలబడి.

అనంతగిరి దగ్గర ఒక బళ్లో పాఠాలు చెప్పే వంతు వచ్చినప్పుడు గ్రేస్ అదే పద్ధతి పెట్టింది. పిల్లలు ముందు వాళ్ల మాటలో చెప్పేవారు, తర్వాత ఇంగ్లిష్‌లో తంటాలు పడేవారు. తప్పు చెప్తే, అమ్మ హిందీని బీహారు వాళ్లు దిద్దినట్టే, పక్క పిల్లలు ఒక నవ్వు నవ్వి సరైన మాట అందించేవాళ్లు. కొట్టడం లేదు, బెంచీ ఎక్కించడం లేదు. నెల తిరిగేసరికి నోరు విప్పని పిల్లలు కూడా ఆమెను ఆపి మరీ మాట్లాడారు. కేస్ స్టడీకి ఈ పిల్లల్లోనే ఒకరి గురించి రాద్దామని గ్రేస్ అనుకుంది.

ఇంతలో జులైలో మోడల్ రికార్డు పీడీఎఫ్ వచ్చింది. ప్రతి సంవత్సరంలాగే రాయమని గ్రూపులో మెసేజి. ప్రాక్టికల్స్ పదిహేను రోజులే ఉన్నాయి. ప్రాక్టికల్స్ పాసైతే పట్టా, పట్టా ఉంటే టీచరు పోస్టుకు పరీక్ష రాసే అర్హత. సోమయ్య వాలిన మెడకు దొరికే విశ్రాంతి ఆ కాగితం మీదే ఆధారపడి ఉంది. మోతె పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. గ్రేస్ ఫోన్ తీసి మోడల్ రికార్డు చదవడం మొదలుపెట్టింది. రాసే ముందు చదవడం అనే దుర్గుణం ఆ కాలేజీలో ఆమె ఒక్కదానికే ఉంది.

కేస్ స్టడీ ఇంగ్లిష్‌లో ఉంది. మొదటి గడిలో విద్యార్థిని పేరు: గుండెపంగు గ్రేస్. తరగతి ఎనిమిది. ఊరు మోతె.

తన రికార్డు ఎవరో అప్పుడే నింపేశారేమో అనుకుంది. తర్వాత కిందికి చదివింది. తండ్రి సోమయ్య, హమాలీ. తల్లి దుర్గమ్మ, కూలీ, నిరక్షరాస్యురాలు. బరువు ఇరవై ఎనిమిది కిలోలు. ఎడమచేతి వాటం. ఇంట్లో భాషా వాతావరణం లేదు. తల్లి మాట మోటు, అశుద్ధం, అదే పిల్లకూ అంటింది. చివర పెద్ద గడిలో ముగింపు: ఈ విద్యార్థినికి ఇంగ్లిష్ రాదు, చేతిపనులు నేర్పించడం మేలు. పరిశీలించినవారి పేరు ఉండాల్సిన చోట తెల్ల ఇంకు పూశారు. పూసినా కింద అక్షరాలు తెలుస్తూనే ఉన్నాయి. ఉషారాణి.

బస్సు మోతెలో ఆగింది, కదిలింది. గ్రేస్ దిగలేదు. తర్వాతి స్టేజీ దగ్గర కండక్టరు అడిగితే దిగి, మూడు కిలోమీటర్లు వెనక్కి నడిచింది.

లెక్క తేలికే. ఉషారాణి ఆ ఏడు ఇదే కాలేజీలో ఫస్టు. ఫస్టు వచ్చిన వాళ్ల రికార్డు మోడల్ అయింది, ఫస్టు వచ్చిన మనిషి అక్కడే లెక్చరర్ అయింది. అప్పటి నుంచి ప్రతి బ్యాచీ దాన్ని మక్కికి మక్కి దించుతోంది. అట్ట మీద తమ పేరు మారుస్తారు, సంవత్సరం మారుస్తారు. లోపలి పిల్ల పేరు మారిస్తే ఎత్తు, బరువు, తండ్రి పని అన్నీ మార్చాలి, అంత ఓపిక ఎవరికుంది? అందుకని పదకొండేళ్లుగా మోతె గ్రేస్ ఎనిమిదో తరగతిలోనే ఉంది. పదకొండేళ్లుగా ఇరవై ఎనిమిది కిలోలే. ఐదువందల పైచిలుకు రికార్డుల్లో ఆమెకు ఇంగ్లిష్ రాదు.

మర్నాడు వినయ్ రికార్డు చూపించమంది. అప్పుడే రాసేశాడు, గుండ్రటి అక్షరాలు, స్కెచ్ పెన్నుతో గీతలు. రెండేళ్లుగా ఒకే బెంచీలో కూర్చున్న మనిషి, ఆమె పేరు, ఊరు, ఇంటిపేరుతో సహా రాసి కింద సంతకం పెట్టాడు.

"నా పేరు రాస్తుంటె నేను యాదికి రాలేదా?" అని అడిగింది.

"సదివితె గద యాదికొచ్చేది. నేను రాసిన, గంతే" అన్నాడు వినయ్. తర్వాత ఆ పేజీ చూసుకున్నాడు. ముఖం చిన్నబోయింది. అందులో కపటం లేదు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డాడంతే. అతని మీద గ్రేస్‌కు కోపం రాలేదు. కోపం వెళ్లాల్సిన చోటు వేరే ఉంది.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక దుర్గమ్మ గుంపు మళ్లీ నాటులో దిగింది. మధ్యాహ్నం గట్టు మీద సద్ది విప్పినప్పుడు గ్రేస్ ఫోన్ తీసి ఆ పేజీ తెలుగులో చెప్పింది. బరువు దగ్గర ఆడవాళ్లంతా నవ్వారు, అప్పట్లో బక్కగా ఉండేదిలే అని పుష్పాబాయి అంది. తల్లి మాట దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. దుర్గమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఎవరు రాశారని అడిగింది. పెన్ను ఇచ్చిన మేడమే అని చెప్పింది గ్రేస్.

దుర్గమ్మ ముద్దను తిరిగి గిన్నెలో పెట్టింది. చేతికంటిన మెతుకులను గడ్డికి తుడుచుకుంది.

"నా మాట మంచిగ లేదని రాసింది సరే. నా మాట ఆమె ఎప్పుడిన్నది బిడ్డా?"

గ్రేస్‌కు అసలు కోపం మొదలైంది ఆ మాటతోనే. బస్సులో ఏడుపొచ్చింది, నడిచి వస్తున్నంతసేపూ సిగ్గేసింది. నలభై రోజుల్లో ఆవిడ ఒక్కసారి కూడా వాళ్ల వాడకు రాలేదు. దుర్గమ్మ ముఖం ఆమెకు తెలియదు.

సోమవారం పొద్దున్నే స్టాఫ్ రూముకు వెళ్లింది. ఉషారాణి ఒక్కతే ఉంది. గ్రేస్ బ్యాగులోంచి ఖాళీ పెన్ను తీసి టేబుల్ మీద పెట్టింది, ఫోన్‌లో పేజీ తెరిచి పక్కన పెట్టింది. ఉషారాణి పెన్ను వైపు చూసింది, పేజీ వైపు చూసింది, చివరికి గ్రేస్ ముఖం వైపు చూసింది. గుర్తుపట్టడానికి అంతసేపు పట్టింది. పట్టాక కుర్చీలో వెనక్కి జారింది.

ఆమె చెడ్డ మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. దబాయించలేదు, తలుపు దగ్గరగా వేసి నిజం చెప్పింది. వెనకబడిన పిల్లనొకరిని పట్టి రాయమని తన లెక్చరర్ అన్నాడట. నాలుగు రోజులే టైముంటే సీనియర్ రికార్డు తెచ్చుకుందట. తల్లి మాట మోటు, ఇంగ్లిష్ రాదు, చేతిపనులు మేలు, అవన్నీ ఆ సీనియర్ రాతలే. అతను ఎవరిది చూసి రాశాడో తెలియదు.

"నేను నీ గురించి రాయలేదమ్మా. నీ పేరు, నీ బరువు పెట్టానంతే. ఆ పెన్ను ఇచ్చినప్పుడు అన్నానే, అదే నేను నిజంగా అనుకున్నది" అంది ఉషారాణి.

దీనికంటే తిట్టినా బాగుండేది. గ్రేస్‌కు నోరు పెగిలింది. "మీరన్నది నాకు ఒక్కదానికే ఇనబడ్డది మేడమ్. రాసింది పదకొండు బ్యాచులు రాసిన్రు. శుద్ధం అశుద్ధం లేవని మాకు జెప్పి, బీరువాల గిది పెట్టుకున్నరు. ఏ ఒక్క ఏడన్న తీసి సదివిన్రా?"

చదవలేదని ఆమె చెప్పనక్కర్లేదు. కొంచెం తేరుకుని, సరే, నీ దాంట్లో పేరు మార్చి రాసేయమ్మా, ఎవరూ చూడరు, వచ్చే బ్యాచీకి ఈ మోడల్ తీసేయిస్తా అంది. గ్రేస్ రాయనంది. తన కేస్ తనే రాసుకుంటానంది. మోడల్ ప్రకారం లేని దాని మీద సంతకం పెట్టలేనని ఉషారాణి అంది. ప్రిన్సిపాల్ ఊరుకోడు, పాత రికార్డుల సంగతంతా బయటికొస్తుంది, తన ఉద్యోగం పోతుంది. కాలేజీ లెక్చరర్ సంతకం లేకపోతే బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ రికార్డు ముట్టడు, ముట్టకపోతే ఫెయిలు. అది ఇద్దరికీ తెలుసు.

"అయితె ఫెయిలైత మేడమ్" అని గ్రేస్ పెన్ను తీసుకుని బయటికి వచ్చింది.

అనేసిందే గానీ ఆ పది రోజులూ భయం పోలేదు. పేరు మార్చి రాసేస్తే పీడా పోతుంది కదా అని రోజుకు రెండుసార్లు అనిపించేది. సోమయ్య అయితే, పెద్దోళ్లతో మనకెందుకు బిడ్డా, అందరూ రాసినట్టే రాయి అని బతిమాలాడు. ఆయన భయం ఆయనది, యార్డులో నలభై ఏళ్లుగా అందరితో సర్దుకుపోయిన మనిషి. దుర్గమ్మ మాత్రం కూతురు పక్కన కూర్చుని అడిగినవన్నీ చెప్పింది. గ్రేస్ రికార్డులో ఎడమ పేజీ మీద పాత కేస్ స్టడీని అక్షరం పొల్లుపోకుండా దించింది. కుడి పేజీ మీద అదే పిల్ల, పదకొండేళ్ల తర్వాత. బరువు యాభై రెండు కిలోలు. ఇంట్లో ఉన్న భాషలు: తెలుగు మూడు తీర్లు, లంబాడీ, హిందీ. తల్లి ఏ మాట ఎవరి దగ్గర, ఎన్నాళ్లలో, ఏ పనిలో నేర్చుకుందో తేదీలతో సహా ఇరవై పేజీలు. అనంతగిరి పిల్లలకు ఆ పద్ధతే పెడితే ఏమైందో ఇంకో పది పేజీలు. అంతా ఇంగ్లిష్‌లో, ఎడమచేత్తో. చివరి గడి, ముగింపు, ఖాళీగా వదిలేసింది.

ప్రాక్టికల్స్ రోజు మిర్యాలగూడ నుంచి కాశీరాం సార్ అని ఎగ్జామినర్ వచ్చాడు. మూడేళ్లుగా ఆయనే వస్తున్నాడు. బిర్యానీ తిని, ఫ్యాన్ కింద కూర్చుని, పేరేంటి, ఊరేంటి అని రెండు ప్రశ్నలడిగి, రికార్డు తెరవకుండానే చివరి పేజీ మీద సంతకం గీకడం ఆయన పద్ధతి. పక్కన ఉషారాణి కూర్చుంది, కాలేజీ తరఫున. పదహారు మందివి అయిపోయి టేబుల్ చివర కుప్పగా ఉన్నాయి. పదిహేడో నంబరు గ్రేస్.

కాశీరాం సార్ చివరి పేజీ తిప్పి, సంతకం లేదని రికార్డు వెనక్కి నెట్టాడు. సంతకం లేకుండా తీసుకోను, వెళ్లి పెట్టించుకుని రమ్మన్నాడు. ఉషారాణి తల ఎత్తలేదు.

గ్రేస్ కదల్లేదు. "ఆ కుప్పలకెళ్లి ఏదన్న ఒకటి తియ్యున్రి సార్. కేస్ స్టడీ తెరిచి పిల్ల పేరు సూడున్రి."

ఆయన విసుక్కుంటూనే ఒకటి తెరిచాడు. ఇంకోటి తెరిచాడు. అయిదోదాకా వరసగా తెరిచాడు, అన్నిట్లోనూ అదే పేరు. "ఎవరీ గ్రేస్?" అన్నాడు.

"నేనే సార్."

తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఆ క్షణంలో కాశీరాం సార్‌ను చూస్తే తెలిసేది. ఈ రోజువి పదహారు, పోయిన రెండేళ్లవి వందకు తక్కువ కాదు, అన్నింటి మీదా ఆయన సంతకాలే. గొడవైతే పిల్లల కంటే ముందు ఆయన పోతాడు. గొంతు తగ్గించి, కుర్చీ చూపించి, అమ్మా అని పిలిచాడు.

"నీకు ఫుల్ మార్కులేస్త. ఈ సంగతి గీడికే ఖతం జేద్దాం."

అబద్ధం ఎందుకు, గ్రేస్ మనసు ఒక్క క్షణం అటు మొగ్గింది. ఫుల్ మార్కులు. నాన్న మెడ. ఇంటికి పోయి పాసయ్యానని చెప్పొచ్చు. కానీ ఈ మార్కులు కూడా తనను చూడకుండా వేసేవే. అప్పుడు చూడకుండా రాదన్నారు, ఇప్పుడు చూడకుండా వచ్చంటారు.

"మార్కులు తర్వాత సార్. ముందుగాల నన్ను అడుగున్రి."

"ఏమడగాలె?"

"ఏదన్న అడుగున్రి. పదకొండేండ్ల సంది ఈ పిల్లను ఒక్కలు ఒక్క ప్రశ్న అడగలే."

ఆ గదిలో నన్ను పరీక్షించండి అని అడిగినవాళ్లు ఆమెకు ముందు లేరు. కాశీరాం సార్ రికార్డు దగ్గరికి లాక్కున్నాడు. మొదట ఏదో అడగాలి కదా అని అడిగాడు. గురువు లేకుండా మీ అమ్మ హిందీ ఎలా నేర్చుకుంది అని. గ్రేస్ ఇంగ్లిష్‌లోనే చెప్పింది. పని ఆగకూడదు కాబట్టి మాట కావాల్సి వచ్చిందని, తప్పు మాట్లాడితే అవతలివాళ్లు నవ్వి సరైన మాట అందించారే గానీ వాత పెట్టలేదని, మొదటి పంట కారంతా ఎక్కువ విని తక్కువ మాట్లాడిందని. మన బళ్లలో ఈ మూడూ తలకిందులుగా ఉన్నాయని. ఆయన పేజీ తిప్పాడు, ఇంకోటి అడిగాడు, ఒకచోట ఒప్పుకోలేదు, గ్రేస్ నోట్‌బుక్కు తీసి చూపించింది. టీ వచ్చింది, చల్లారిపోయింది. ఒకప్పుడు ఆయనా పుస్తకాలు చదివిన మనిషేనని ఆ అరగంటలో తెలిసింది. ఉషారాణి నిశ్శబ్దంగా ఒక్కొక్క పేజీ ఆయన చేతి కిందినుంచే చదువుతోంది.

చివరి గడి దగ్గర ఆయన ఆగాడు. ముగింపు ఖాళీగా ఉందేమని అడిగాడు.

"అది మేడమ్ రాయాలె సార్. మొదటి దాంట్ల మేడమే రాసిన్రు."

ఉషారాణి రికార్డు తన వైపు తిప్పుకుంది. పెన్ను మూత తీసింది. ఉద్యోగం గుర్తొచ్చిందో, ప్రిన్సిపాల్ గుర్తొచ్చాడో, చాలాసేపు చెయ్యి కదల్లేదు.

"ఏం రాయమంటావు?" అంది.

"నేను జెప్పింది రాస్తె అది గూడ కాపీయే అయితది మేడమ్."

ఉషారాణి రాసింది. రెండు వరుసలే. కింద సంతకం, పూర్తి పేరుతో, తేదీతో. ఆ కింద కాశీరాం సార్ సంతకం పెట్టి, రికార్డు చదివిన మీదటే మార్కులు వేశాడు. ఫుల్ మార్కులు కాదు. ఒకచోట ఆమె వాదన సరిపోలేదని రెండు తగ్గించాడు. ఆ రెండు తగ్గినందుకు గ్రేస్‌కు ఎంత సంతోషం వేసిందో మీకు చెప్పినా నమ్మరు. టేబుల్ చివర కుప్పను ఏం చేయాలో మాత్రం ఆయనకు తోచలేదు. అలా చూస్తూ కూర్చున్నాడు.

బయట మెట్ల మీద వినయ్ కేస్ స్టడీ పేజీలు చింపి పక్కన పడేసి, త్రిపురారంలో ఉన్న మేనకోడలికి ఫోన్ చేసి, నీ బరువెంత, ఇంట్లో ఎవరెవరు ఎట్లా మాట్లాడతారు అని అడిగి రాసుకుంటున్నాడు. అతనిది ముప్పై ఒకటో నంబరు, ఇంకా టైముంది.

గ్రేస్ గేటు దగ్గరికి వచ్చి అమ్మకు ఫోన్ చేసింది. దుర్గమ్మ పొలంలోనే ఉంది, వెనకాల బీహారు వాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. వాళ్లకేదో హిందీలో చెప్పి, పక్కకొచ్చి, ఏమైందని అడిగింది. పాసయ్యానని గ్రేస్ చెప్పింది. దుర్గమ్మకు అది చాల్లేదు.

"ఆ మేడమేం రాసింది?"

"పదకొండేండ్ల కింద ఈ పిల్లను సూడకుంట, వాళ్లమ్మ మాట ఇనకుంట రాసిన, అది తప్పు అని రాసింది. సంతకం వెట్టింది."

అవతల దుర్గమ్మ ఆ మాట గుంపుకు కేకేసి చెప్పింది.

"అయితె ఇగ ఎనిమిది పాసైనవ్ తియ్యి బిడ్డా" అంది దుర్గమ్మ.